స్టవ్ సర్వీసు మనిషి వచ్చేలోగా

మా ఇంట్లో పనిమనిషి వచ్చేలోగా పని అయిపోయేది. గుంటూరులో ఉన్న రోజుల్లో మా అమ్మ అంట్లు తోమడానికి ఒకావిడను పెట్టుకుంది. ఆవిడ వచ్చే వేళకు గిన్నెలన్నీ ఒకసారి తనే కడిగి బోర్లించేది. "మాడిన గిన్నె చూస్తే ఆవిడేమనుకుంటుందిరా?" అనేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాచేత మూడుసార్లు పళ్ళు తోమించేది. టైలరు కొలతలు తీసుకుంటాడంటే ముందురోజు నుంచీ అన్నం తగ్గించేది. మొత్తానికి మా ఇంటి లోపాలు సరిచేయడానికి వచ్చినవాళ్ళెవరికీ మా ఇంట్లో ఒక్క లోపమూ కనబడేది కాదు. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళేవారు.

ఆ రక్తమే నాదీ. దేశం మారినా, వయసు నలభై ఏడొచ్చినా, నీళ్ళు కాగే బోయిలరు చూడటానికి మనిషి వస్తున్నాడంటే బోయిలరు ఉన్న అలమారా తలుపుకు పాలిష్ పెట్టే మనిషిని నేను.

మేముండేది ఇంగ్లండులో న్యూకాసిల్‌కు నలభై నిమిషాల దూరంలో, గ్యాస్ లైను రాని ఒక పల్లెలో. కిటికీలోంచి గొర్రెలు కనిపిస్తాయని మా ఆవిడ ముచ్చటపడి ఈ ఇల్లు కొనిపించింది. కొన్నాక ఆ గొర్రెలను ఒక్కరోజు తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆవిడ హాస్పిటల్లో ఎముకల డాక్టరు, రోజంతా డ్యూటీల రోటాకే సరిపోతుంది. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను కాబట్టి గొర్రెలూ, వంటా, పెల్లెట్ స్టవ్వూ నా వాటాకు వచ్చాయి.

పెల్లెట్ స్టవ్ అంటే మరేం లేదు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి, చిన్న గుళికలుగా చేసి బస్తాల్లో అమ్ముతారు. వాటిని పైన తొట్టిలో పోస్తే, లోపల ఒక మర కాసిని కాసిని చొప్పున ఇనుప గిన్నెలోకి జారుస్తుంది. అక్కడ మండుతాయి. ఒక ఫ్యాను ఆ పొగను వెనకున్న గొట్టంలోంచి ఇంటి బయటికి నెడుతుంది. కరెంటు ఉంటేనే వెలిగే కట్టెల పొయ్యి అన్నమాట. ఫోన్లో ఈ సంగతి చెబితే మా అమ్మ, "మేం మానేసిన పొయ్యిని మీరు రిమోట్ పెట్టించి కొనుక్కున్నారా?" అంది.

వారానికోసారి బూడిద ఎత్తాలి, మండే గిన్నె చిల్లులు మూసుకుపోకుండా గీకాలి, అద్దం తుడవాలి. ఏడాదికోసారి సర్వీసు మనిషిని పిలవాలి. మొదటి పని శనివారం పొద్దున్నే, స్నానానికి ముందు, భక్తిగా చేసేవాణ్ణి. అద్దానికి వెనిగరు, ట్రేకి బ్రష్షు, గోడకు తడిగుడ్డ. తడిగుడ్డ తిప్పినప్పుడు గోడలో నా ముఖం కనబడాలన్నది నా ఆశయం.

మొదటి ఏడాది సర్వీసు మనిషి వస్తున్నాడని తెలిసి ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టాను. ఆయన పని ఆయన చేసుకోవడానికి రెండు గంటలు చాలు. ఆయన వచ్చేలోగా అదే పని నేను చేయడానికి రెండు రోజులు పట్టింది. స్టవ్ పెళ్ళికూతురిలా తయారైంది. మా అమ్మ ఉంటే దిష్టి తీసేది.

వచ్చిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఇక్కడి యాసలో మాట్లాడతాడు, సగం అర్థమవుతుంది, మిగతా సగానికి నేను నవ్వుతాను. మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు తెరిచి, టార్చి వేసి చాలాసేపు లోపలికి చూశాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనే," అన్నాను. మెడల్ వేస్తాడేమోనని కాస్త ముందుకు కూడా వంగాను.

"ఎందుకు చేశారు?"

ఆ ప్రశ్న మా వంశంలో ఎవరినీ ఎవరూ అడగలేదు.  ఆయనే ఓపికగా చెప్పాడు. బూడిద రంగు చూస్తే మంట ఎలా మండుతోందో తెలుస్తుందట. మసి ఎక్కడ పట్టిందో చూస్తే గాలి ఎక్కడ కారుతోందో తెలుస్తుందట. "మీరు నాకు చెప్పాల్సినదంతా తుడిచేశారు. వచ్చే ఏడు నేనొచ్చే ముందు రెండు వారాలు దీన్ని ముట్టుకోకండి. మురికిగా ఉంచండి. నేను చదువుకోవాలి," అన్నాడు.

అలాగేనని తల ఊపాను. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపలేం కదా, జంతికలు తెద్దామని వంటింట్లోకి వెళ్ళాను. ఆ సమయంలోనే ఆయన స్టవ్ పక్క గోడకు గుండ్రటి తెల్లటి అలారం ఒకటి బిగించి, అది దేనికో వివరంగా చెప్పాడు. ఎవరికి చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. నేను డబ్బాలో విరగని జంతికలు ఏరుతున్నాను.

ఆ అలారం గోడమీద ఐదు నెలలుంది. ఒక ఆదివారం న్యూకాసిల్లో ఎమ్మెస్సీ చదివే మన కుర్రాళ్ళు పదిమందిని భోజనానికి పిలిచాం. అంతమందికి పప్పులో తాలింపు అంటే మాటలా? ఎండుమిర్చి వేగీ వేగగానే హాల్లో పొగ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది. పక్కింటి ముసలాయన చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నేను స్టూలెక్కి దాన్ని ఊడబెరికాను. అదే ఊపులో స్టవ్ పక్కనున్న రెండోదాన్ని చూశాను. ఇది ఎన్నడూ అరవలేదు. కానీ అదే గుండ్రం, అదే తెలుపు. ఒకే జాతి, ఇవాళ కాకపోతే రేపు అరుస్తుందనిపించింది. రెంటినీ తీసి, పాత సిమ్ కార్డులూ టేకవే మెనూ కాగితాలూ ఉండే సొరుగులో పడేశాను. ఆ పూట నేను చేసిన పప్పును అందరూ మెచ్చుకున్నారు.

రెండో ఏడు సర్వీసు తేదీ దగ్గరపడింది. ముట్టుకోవద్దన్నాడు కదా అని నాలుగు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాను. అద్దం పొగచూరింది. ట్రేలో బూడిద పేరుకుంది. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? మా ఇంటికి ఏడాదికోసారి తప్ప ఎవరూ రారు, అది వేరే సంగతి. ఐదో రోజు నా వల్ల కాలేదు. తుడవడం మొదలుపెడితే చెయ్యి ఆగలేదు. ఫోన్లో ఎవరిదో వీడియో చూసి, ఈసారి వెనకున్న పొగగొట్టం అడుగు మూత కూడా విప్పాను. మూత లోపలి అంచున నల్లటి చుట్ట ఒకటి అతుక్కుని ఉంది. ఏళ్ళ మసి గట్టిపడిందనుకున్నాను. వెన్న రాసుకునే కత్తితో గీకి, పెరికి, బిన్‌లో వేసి, మూత మళ్ళీ తళతళలాడేలా తోమి బిగించాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ పెద్దాయన వచ్చి చూస్తే తిడతాడని. పరీక్ష తప్పిన పిల్లాడిలా ఆలోచించి, ఫోన్ చేసి, స్టవ్ శుభ్రంగా ఉంది, ఈసారికి సర్వీసు వద్దులెండి, వసంతంలో చూద్దాం అని చెప్పేశాను. దొంగ పోలీసును రావద్దని చెప్పగలిగిన దేశం ఇది.

మా అమ్మాయికి అది జీసీఎస్ఈ ఏడాది, అంటే మన పదో తరగతి పరీక్షల్లాంటివి. మా ఇంట్లో పరీక్షలంటే మంత్రివర్గ విస్తరణ అంత హడావుడి. పిల్లకు చలి వేయకూడదని దాని బల్లా కుర్చీ మేడ మీది నుంచి దింపి, స్టవ్ పక్కనే వేశాను. వీపుకు దిండు పెట్టాను. కిటికీ సందుల్లోంచి ఈదురుగాలి రాకుండా టేపు అంటించాను. ఇంట్లో అన్నిటికంటే వెచ్చని మూల అది. నా కూతురికి దాన్ని నేను ఇచ్చానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

నవంబరు నుంచి పిల్లకు తలనొప్పి మొదలైంది. సాయంత్రం పుస్తకం తీసి గంట కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి, వాంతి వచ్చేలా ఉందంటుంది.

"డాడ్, మై హెడ్ హర్ట్స్."

"ఫోన్ పక్కన పెట్టమ్మా, తగ్గుతుంది."

"ఇట్స్ ఇన్ యువర్ రూమ్, డాడ్. యూ టుక్ ఇట్."

నిజమే, ఫోన్ నా దగ్గరే ఉంది. అయినా నా వాదనలో మార్పు రాలేదు. మా ఆవిడ కళ్ళ పరీక్ష చేయించింది, రక్త పరీక్ష చేయించింది, ఐరన్ మాత్రలు మింగించింది. అన్నీ నార్మల్. ఇంట్లో డాక్టరుంటే ఉండే సుఖమేమిటంటే, రిపోర్టులు త్వరగా వస్తాయి, మనిషిని ఎవరూ చూడరు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల పడుకుని ఉండేది, పిల్ల లేచేసరికి ఆవిడ వెళ్ళిపోయేది.

నేను మాత్రం చూశాను. చూడటమే కాదు, పరిశోధన చేశాను. స్కూల్లో ఉన్నంతసేపూ దీనికి తలనొప్పి లేదు. స్నేహితురాలి ఇంటికి వెళితే లేదు. క్రిస్మస్ సెలవుల్లో బ్రాక్‌నెల్‌లో మా బావమరిది ఇంట్లో వారం రోజులు ఉంటే ఒక్కసారి కూడా రాలేదు, పైగా గంతులేసింది. మన ఇంటికొచ్చి, మన బల్ల ముందు కూర్చుని, లెక్కల పుస్తకం తెరిస్తేనే వస్తోంది. రోగం లెక్కల్లో ఉందని తేల్చాను. ఇంత తిరుగులేని సాక్ష్యం చేతిలో ఉండి ఇంత తప్పు తీర్పు చెప్పిన జడ్జీ ఇంకొకడు ఉండడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడికి సాక్ష్యం ఎందుకు?

ఆ చలికాలమంతా తిట్టాను. గట్టిగా కాదు. గట్టిగా తిడితే నయం, అరగంటలో అయిపోతుంది. నాది సన్నగా, రోజూ, కాఫీతోపాటు సాగే తిట్టు. లేజీ, లేజీ అని ఇంగ్లీషులోనే అనేవాణ్ణి, దానికి బాగా అర్థమవ్వాలని. మా నాన్న వీధిదీపం కింద చదివాడని కూడా చెప్పాను. మా నాన్న ఇంట్లో మూడు ట్యూబులైట్లుండేవి.

ఒకరోజు కెమిస్ట్రీ పుస్తకం మీద చెంప ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, ఫోన్లో వీడియో తీసి, "మా ఇంటి సరస్వతి ధ్యానంలో ఉంది" అని రాసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పిన్నులూ, బాబాయిలూ, పెదనాన్నగారి కోడళ్ళూ విరగబడి నవ్వే బొమ్మలు పెట్టారు. సాయంత్రం పిల్ల చూసింది.  లేచి, ముఖం కడుక్కుని, వచ్చి మళ్ళీ అక్కడే, స్టవ్ పక్కనే కూర్చుంది.

ఫిబ్రవరిలో ఆఫీసువాళ్ళు నన్ను వారం రోజులు లండన్ పక్కనున్న క్రోయిడన్ రమ్మన్నారు. మధ్యలో ఒక శనివారం పోయింది. నేను లేకపోతే ఆ ఇంట్లో బూడిద ఎత్తేవాళ్ళు లేరు. గిన్నె చిల్లులు మూసుకుపోయి సోమవారం స్టవ్ వెలగనని మొరాయించింది. మా ఆవిడ నాకు చెప్పకుండానే సర్వీసు మనిషికి ఫోన్ చేసింది. మంగళవారం మధ్యాహ్నం నేను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన వ్యాను గేటు దగ్గర ఉంది.

నేను ముందు చూసింది స్టవ్‌ని. అద్దం నల్లగా ఉంది. ట్రే నిండి పొర్లుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. బ్యాగు దించకుండానే, "వారం రోజులు ఊళ్ళో లేనండీ, లేకపోతే ఇలా ఉండదు," అని మొదలుపెట్టాను.

"ఇప్పుడు బాగుంది," అన్నాడాయన. "ఇప్పుడు ఏదో చెబుతోంది."

టార్చి వెనక్కి తిప్పాడు. తెల్లగోడ మీద, పొగగొట్టం మూతకు ఎదురుగా, వేలెడంత నల్లటి చార పైకి పాకి ఉంది. నాకు ఆ చార తెలుసు. ప్రతి శనివారం తుడిచేవాణ్ణి. దుమ్మనుకునేవాణ్ణి. ప్రతి శనివారం తుడిస్తే ప్రతి వారం అక్కడే దుమ్ము ఎందుకు పడుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆయన మూత విప్పి, వేలితో అంచు తడిమి, "ఇక్కడ ఉండాల్సిన సీలు ఏది?" అన్నాడు.

 మా ఆవిడ నావైపు చూసింది. "నల్లగా, గుండ్రంగా ఉండేదా?" అన్నాను చివరికి.

"అదే."

"మసి అనుకుని తీసేశాను."

మా ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తెలుగులోకి దిగింది. "కుక్కర్ మూతకి గాస్కెట్ లేకపోతే ఆవిరంతా పక్కలనుంచి పోతుందని తెలీదటండీ మీకు? రోజూ పప్పు పెట్టేది మీరే కదా!"

పెద్దాయన సంచిలోంచి చిన్న మీటరు తీసి, మూత మళ్ళీ పెట్టి, గిన్నె శుభ్రం చేసి, స్టవ్ వెలిగించాడు. మీటరు మా అమ్మాయి బల్ల మీద పెట్టాడు. కాసేపు సున్నా. తర్వాత అంకెలు కదిలాయి. ఆగి, మళ్ళీ కదిలాయి. ఆయన గబగబా లేచాడు. స్టవ్ ఆపేసి, కిటికీ తీయబోతే రాలేదు. నా టేపు. దాన్ని చింపి, తలుపులన్నీ బార్లా తెరిచి, అప్పుడు అడిగాడు, "ఇక్కడ బిగించిన అలారం ఎక్కడ?"

"సొరుగులో," అన్నాను.

"ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

 మా ఆవిడ కుర్చీలో ఉన్న దిండును చేతిలోకి తీసుకుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటే ఏమిటో, అది పీలిస్తే తలనొప్పీ, మగతా, వాంతీ వస్తాయనీ, ఇంట్లోంచి బయటికి వెళితే తగ్గిపోతాయనీ ఆవిడ పాతికేళ్ళ కిందటే చదివి పరీక్ష రాసింది. ఆ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చి ఉంటాయి. "రోజుకి నలుగురి ఎముకలు అతికించి వస్తాను. దీని తలకాయ ఒక్కరోజు కూర్చుని చూశానా?" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

స్కూలు నుంచి పిల్లను అటునుంచి అటే హాస్పిటల్‌కు తీసుకువెళ్ళాం. రోజంతా బయట ఉంది కాబట్టి రక్తంలో ఏమీ మిగల్లేదు. భయం లేదన్నారు. ఇంకో నెల అలాగే సాగి, గొట్టం ఇంకాస్త మూసుకుపోయి, ఏ రాత్రో అక్కడే నిద్రపోయి ఉంటే అని ఆ డాక్టరు అనబోయి, మా ఆవిడ ముఖం చూసి ఆపేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను ఆ సాయంత్రం ఇంటికి పొగకు రెండు, ఈ గ్యాస్‌కు రెండు, మొత్తం నాలుగు అలారాలు తెచ్చాను. తాలింపు పెట్టినప్పుడల్లా ఇప్పుడు ఇల్లంతా అరుస్తుంది. అరవనీ.

కొత్త సీలు వేశాక కూడా పది రోజులు ఆ గదిలోకి ఎవరం వెళ్ళలేదు. పిల్ల మేడ మీద, దుప్పటి కప్పుకుని చదువుకుంది. తలనొప్పి పోయింది. తొమ్మిదింటికి నిద్రపోయే పిల్ల పదకొండు దాకా కూర్చుంటోంది. గ్రూపులో వీడియో తీసేద్దామని చూస్తే, మూడు నెలలు దాటింది, అందరి ఫోన్లలోనూ ఉంది. జరిగిందంతా రాసి, తప్పు నాదేనని పెట్టాను. దానికి నవ్వే బొమ్మలు రాలేదు. అసలేమీ రాలేదు. చివరికి ఒక పిన్ని మాత్రం, "స్టవ్ ఏ కంపెనీది?" అని అడిగింది.

మా వైపు నాన్నలు పిల్లలకు సారీ చెప్పరు. మా నాన్న చెప్పలేదు, వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడని నేననుకోను. రెండు రోజులు మెట్ల దగ్గర తచ్చాడి, మూడోరోజు పిల్ల గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

"తప్పు నాదమ్మా. నీకు ఒంట్లో బాగోలేకపోతే నేను బద్ధకమన్నాను. చలికాలమంతా అన్నాను. సారీ," అన్నాను. 

"ఇట్స్ ఓకే, డాడ్," అంది పిల్ల. నిజంగానే ఓకే అన్నట్టు అంది. నన్ను కూర్చోమని మంచం మీద పుస్తకాలు పక్కకు జరిపింది.

ల్యాప్‌టాప్‌లో ఏదో ఫారం నింపుతోంది. సిక్స్త్ ఫామ్, అంటే ఇక్కడి ఇంటర్, ఇంటర్వ్యూకు వెళ్ళేముందు పంపాలట. నీ గురించి నువ్వు రాసుకోవాలి. నచ్చే సబ్జెక్టులు, చదివిన పుస్తకాలు, నీలో మెరుగుపడాల్సినది ఏమిటి. చివరి గడిలో ఒకే ఒక్క వాక్యం ఉంది. నేను సహజంగా బద్ధకస్తురాలిని, కానీ మారడానికి ప్రయత్నిస్తున్నాను అని ఇంగ్లీషులో, శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాసుకుంది.

"ఇది ఎప్పుడు రాశావు?"

"జస్ట్ నౌ."

"అది కొట్టెయ్యమ్మా. నువ్వు బద్ధకస్తురాలివి కాదు. అదంతా ఆ గ్యాస్ వల్ల. అమ్మ కూడా చెప్పింది కదా."

"ఐ నో," అంది.  "బట్ ఇట్ కుడ్ బీ బోత్, డాడ్."

కాదని చెప్పాను. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెబుతుండగా, నా మాట వింటున్నట్టే తల ఊపుతూ, ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, పంపించేసింది.